గ్లైడర్‌ను లాగే తాడు ఎంత పొడవుండాలి?



బావిలో నీళ్లు తోడడానికి చేంతాడు ఎంత పొడవుండాలి అని ఎవరైనా అడిగితే, ముందు బావి లోతు ఎంతో చెప్పమంటాం. ఆవును కట్టే పలుపు ఎంతుండాలి అంటే, గడ్డి ఎంతమేర ఉంది, పక్కవాడి చేను ఎక్కడ మొదలవుతుంది అని చూస్తాం. తాడు పొడవును నిర్ణయించేది తాడు కాదు, దాని రెండు కొసలకూ ఏమి కట్టి ఉందన్నది. ఇంజను లేని విమానాన్ని, అంటే గ్లైడర్‌ను, గాలిలోకి లేపే తాడు విషయంలోనూ ఇంతే. అయితే ఇక్కడ ఒక తేడా ఉంది. చేంతాడు పొట్టిదైతే బొక్కెన నీళ్లను అందుకోదు, అంతే. గ్లైడర్ తాడు పొడవు తప్పితే మనిషి ప్రాణం పోవచ్చు. ఒక్కోసారి ఇద్దరివి.

గ్లైడర్ ఎలా ఎగురుతుందో మీకు తెలిసే ఉంటుంది. అది ఎప్పుడూ తన చుట్టూ ఉన్న గాలిలో కిందికే జారుతూ ఉంటుంది. ఆ గాలి పైకి లేస్తూ ఉంటే, దానితోపాటు గ్లైడర్ కూడా లేస్తుంది. ఆకాశంలో ఆవులించినంత తీరుబడిగా రెక్క ఆడించకుండా గద్ద తిరుగుతూ పైకి పోవడం మీరు చూసి ఉంటారు. అదే పద్ధతి. కానీ గద్ద మొదట రెక్కలు కొట్టి ఎగరగలదు, గ్లైడర్ ఎగరలేదు. దాన్ని ఎవరో ఒకరు మొదటి కొన్ని వందల మీటర్ల ఎత్తుకు చేర్చాలి. చేర్చేది తాడు.

నేను ఈ పాఠం రాస్తున్నది భిలాయ్ ఉక్కు నగరంలోని రుఆబాంధా నుంచి. శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాల నుంచి ఉక్కు కర్మాగారం పనికి వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఈ ఊళ్లో చాలా ఉన్నాయి. ఆ ఇళ్లలోని పిల్లలకు పొడవులు చెప్పాలంటే మంచి కొలబద్ద ఒకటి చేతిలోనే ఉంది. భిలాయ్ కర్మాగారంలో రైలు పట్టాలను 130 మీటర్ల ఒకే ముక్కగా తయారుచేస్తారు. అటువంటివి రెండు అతికిస్తే 260 మీటర్ల పట్టా అవుతుంది. విమానం వెనుక గ్లైడర్‌ను లాగే తాడు ఈ 130 మీటర్ల ముక్కలో సగం కూడా ఉండదు, సుమారు 40 నుంచి 60 మీటర్లు. నేల మీద యంత్రం పెట్టి లాగే కేబుల్ అయితే అతికిన పట్టాలు నాలుగు వరుసగా పరిచినంత, అంటే 1,000 మీటర్లు, కొన్నిచోట్ల అంతకంటే ఎక్కువ. ఒకే గ్లైడరు, ఒకే పని. మరి ఇరవై రెట్ల తేడా ఎందుకు వచ్చింది? దీనికి జవాబు సూత్రాల్లో కంటే చరిత్రలో బాగా కనబడుతుంది.

ఇంగ్లండులో సర్ జార్జ్ కేలీ 1849లో ఒక గ్లైడర్ తయారుచేసి, అందులో సుమారు పదేళ్ల బాలుణ్ణి కూర్చోబెట్టాడు. వాలులో దింపినప్పుడూ, ఎదురుగాలిలో మనుషులు తాడు పట్టి లాగినప్పుడూ అది కొన్ని గజాల మేర నేలను విడిచింది. గాలిపటాన్ని లేపడానికి మీరు దారం పట్టుకుని పరుగెత్తడానికీ దీనికీ పెద్ద భేదం లేదు. లాగేది మనిషి కాబట్టి వేగం మనిషి పరుగంతే. తాడు పొడవు గురించి ఎవరూ ఆలోచించే అవసరం రాలేదు.

ఆ తరువాత గుర్రం వచ్చింది. ఫ్రాన్సులో జాఁ మరీ ల బ్రీ అనే నావికుడు 1856లో ఆల్బట్రాస్ పక్షి ఆకారంలో గ్లైడర్ కట్టి, దాన్ని బండి మీద నిలబెట్టి, సముద్రపు ఒడ్డున గుర్రంతో లాగించాడు. గ్లైడర్ లేచింది. లేచినప్పుడు తాడు బండివాడికి చుట్టుకుని అతణ్ణి కూడా పైకి లాక్కుపోయిందని ఒక కథ ప్రచారంలో ఉంది. కథ ఎంతవరకు నిజమో గానీ, అందులోని పాఠం మాత్రం నిజం. తాడును కట్టడం ఒక్కటే చాలదు, తలచుకున్న క్షణాన విప్పగలగాలి. నేటి ప్రతి గ్లైడర్‌లోనూ పైలట్ చేతికందేలా ఒక పసుపుపచ్చని పిడి ఉంటుంది. దాన్ని లాగితే కొక్కెం తెరుచుకుని తాడు జారిపోతుంది.

బ్రిటన్‌లో పెర్సీ పిల్చర్ ఈ పద్ధతిని ఇంకా ముందుకు తీసుకుపోయాడు. తాడును గిలకల గుండా పోనిచ్చి, గుర్రాలు నడిచే వేగం కంటే గ్లైడర్‌ను లాగే వేగం ఎన్నో రెట్లు పెరిగేలా చేశాడు. గిలకలు సాధారణంగా బలాన్ని పెంచడానికి వాడతాం. పిల్చర్ వాటిని తిరగేసి వేగం కోసం వాడాడు. 1899 సెప్టెంబరు 30న స్టాన్‌ఫర్డ్ హాల్ అనే చోట వానకు తడిసిన తన 'హాక్' గ్లైడర్‌ను అలా లాగించుకుని పైకి లేచాడు. తోక భాగంలోని వెదురు బద్ద విరిగింది. రెండు రోజుల తరువాత చనిపోయాడు. వయసు 32. తాడు తెగలేదు. గ్లైడర్ భరించగల బలాన్ని మించి లాగుడు వచ్చినప్పుడు తాడు తెగకుండా నిలిస్తే, తెగేది గ్లైడరే. 'తెగేదాకా లాగవద్దు' అని మనవాళ్లు అంటారు. విమానయానంలో మాత్రం తెగవలసిన చోట తెగేటట్టు ముందే ఏర్పాటు చేసుకోవాలి. ఈ సంగతి మళ్లీ వస్తుంది.

మొదటి ప్రపంచ యుద్ధం తరువాత వెర్సాయ్ ఒప్పందం జర్మనీలో ఇంజను విమానాల మీద కట్టుబాట్లు పెట్టింది. దానితో ఇంజనీరింగు విద్యార్థులు గ్లైడర్ల మీద పడ్డారు. 1920లో వాసర్‌కుప్పె కొండ మీద మొదటి పోటీలు జరిగాయి. అక్కడ వాడినది రబ్బరు తాడు. గ్లైడర్ ముక్కుకు మధ్యలో తగిలించి, రెండు కొసలనూ రెండు జట్లు పట్టుకుని వాలులో పరుగెత్తేవారు. తోకను మరికొందరు గట్టిగా పట్టుకునేవారు. రబ్బరు బాగా సాగాక తోక వదిలితే గ్లైడర్ వడిసెల రాయిలా బయటికి పోయేది. ఇక్కడ తాడు పొడవు మనుషులు ఎంతదూరం సాగదీయగలరన్న దాన్ని బట్టి ఉండేది. ఈ తాడు గ్లైడర్‌కు వేగం ఇస్తుంది గానీ ఎత్తు ఇవ్వదు. ఎత్తు కొండ ఇవ్వాలి. ఛత్తీస్‌గఢ్ మైదానంలోనో, గోదావరి డెల్టాలోనో రబ్బరు తాడుతో ఎగిరితే, ఆ చివర నుంచి ఈ చివరకు ఒక గెంతు, అంతటితో సరి.

మైదానంలో ఎగరాలంటే తాడే ఎత్తు కూడా ఇవ్వాలి. దానికి వచ్చిన యంత్రం వించ్. మైదానం ఒక చివర ఇంజనుతో తిరిగే పెద్ద డ్రమ్ము, రెండో చివర గ్లైడరు, మధ్యన నేల మీద పరచిన కేబుల్. డ్రమ్ము తిరుగుతూ కేబుల్‌ను చుట్టుకుంటూ ఉంటే గ్లైడర్ పరుగెత్తి, ముక్కెత్తి, అచ్చంగా గాలిపటంలా పైకి పోతుంది. మొత్తం ఒక నిమిషం లోపే అయిపోతుంది.

ఇక్కడ ఒక ప్రశ్న వేసుకోండి. కేబుల్ 1,000 మీటర్లుంటే గ్లైడర్ 1,000 మీటర్ల ఎత్తుకు పోవాలి కదా? పోదు. సాధారణంగా 350 నుంచి 450 మీటర్లు, మంచి ఎదురుగాలి ఉంటే ఇంకొంచెం. కారణం సులభమే. గ్లైడర్ ఎక్కుతున్నంతసేపూ డ్రమ్ము కేబుల్‌ను మింగుతూనే ఉంటుంది. గ్లైడర్ దాదాపు వించ్ నెత్తిమీదికి వచ్చేసరికి మధ్యన మిగిలిన కేబుల్ ఎంతో, ఎత్తు అంతే. 400 మీటర్ల కేబుల్ గాలిలో వేలాడుతూ ఉంటే, మిగతా 600 మీటర్లూ డ్రమ్ము మీద ఉన్నాయన్నమాట. ఎదురుగాలి ఉన్నప్పుడు నేలను బట్టి గ్లైడర్ ముందుకు వచ్చే వేగం తగ్గుతుంది, గాలిని బట్టి వేగం తగ్గదు. కనుక కేబుల్ అయిపోకముందే ఎక్కువ ఎత్తు ఎక్కగలుగుతుంది.

అలాగైతే 3,000 మీటర్ల కేబుల్ పెట్టేద్దాం అనకండి. అంత మైదానం ఎక్కడుంది అన్నది మొదటి చిక్కు. రెండోది బరువు. గ్లైడర్ క్లబ్బులు వాడే సుమారు 5 మిల్లీమీటర్ల ఉక్కు కేబుల్ మీటరుకు దాదాపు 100 గ్రాములు తూగుతుంది. 1,000 మీటర్లంటే 100 కిలోలు. ఇద్దరు మనుషులతో సుమారు 500 కిలోలుండే గ్లైడర్, పైకి పోయేకొద్దీ ఈ ఇనుములో ఎక్కువ భాగాన్ని తన కొక్కేనికి తగిలించుకుని మోయాలి. పొడవు పెంచినకొద్దీ కేబుల్ మధ్యలో విల్లులా వంగి, లాగుడు ముందుకు కాక కిందికి పనిచేస్తుంది. ఒక హద్దు దాటాక పెంచిన ప్రతి మీటరూ తన బరువును తాను మోసుకోవడానికే సరిపోతుంది. ఇటీవలి దశాబ్దాల్లో చాలా దేశాల్లో ఉక్కు బదులు డైనీమా అనే ప్లాస్టిక్ దారాల తాడు వచ్చింది. అదే మందంలో దాని 1,000 మీటర్లు 14 కిలోలే. అది నీటి మీద తేలుతుంది కూడా. ఉక్కు నగరంలో ఉంటూ ఉక్కును తక్కువ చేస్తున్నానని ఎవరూ అనుకోవద్దు. ప్రతి పనికీ తగిన పదార్థం ఒకటుంటుంది.

వించ్ మీద కేబుల్ తెగితే ఏమవుతుంది? గ్లైడర్ ముక్కు ఆకాశానికి ఎత్తి ఉంటుంది, లాగే బలం ఒక్కసారిగా పోతుంది, రెండు మూడు సెకన్లలో వేగం పడిపోతుంది. పైలట్ వెంటనే ముక్కు దించాలి. దించి, వేగం వచ్చిందని చూసుకుని, ఎదురుగా మిగిలిన నేల మీద దిగాలి. మైదానం పొడవుగా ఉండి కేబుల్ పొడవుగా పరిచి ఉంటే, తక్కువ ఎత్తులో తెగినా ముందు నేల మిగిలి ఉంటుంది. అందుచేత వించ్ విషయంలో సూటి నియమం ఒకటి ఏర్పడింది. నేల అనుమతించినంత, కేబుల్ తన బరువును తాను మోయగలిగినంత పొడవు వాడుకోవాలి. దీనిలో పెద్ద వివాదం లేదు.

వివాదమంతా విమానంతో లాగడంలో ఉంది.

1927లో జర్మనీలోని కాసెల్‌లో గెర్హార్డ్ ఫీజెలర్ విమానం నడుపుతూ ఉండగా, గాట్లోబ్ ఎస్పెన్‌లాబ్ దాని వెనుక గ్లైడర్‌లో ఎగిరాడు. దీనితో కొండా అక్కరలేదు, గ్లైడర్ ఎత్తు వించ్ కేబుల్‌తో ఆగిపోనూ పోదు. కావలసిన చోటికి, కావలసిన ఎత్తుకు లాక్కుపోయి వదలవచ్చు. సుమారు నాలుగేళ్ల తరువాత, 1931 జూన్‌లో, రాబర్ట్ క్రోన్‌ఫెల్డ్ విమానంతో పైకి లాగించుకుని, తాడు విడిచి, ఇంగ్లిష్ చానల్‌ను గ్లైడర్‌లో దాటి అదే రోజు తిరిగి వచ్చాడు.

కానీ ఇప్పుడు తాడు రెండో కొసన ఉన్నది నేలకు పాతిన యంత్రం కాదు. అది కూడా గాలిలో తేలుతున్న వస్తువే. దాని తోకకు తాడు కట్టి ఉంది. తోకను ఎవరైనా పైకి లాగితే ముక్కు కిందికి పోతుంది. లాగేది ఎవరు? వెనుకనున్న గ్లైడరే.

దీన్ని మీరే కొలిచి చూడవచ్చు. కాలనీ మైదానంలో ఇద్దరు నిలబడండి. 6 మీటర్ల దారం ఒకటి, 3 మీటర్ల దారం ఒకటి తీసుకోండి. ముందున్నవాడు విమానం, వెనుకవాడు గ్లైడర్. వెనుకవాడు తన చేతిని ముందువాడి చేతి కంటే సరిగ్గా 1 మీటరు ఎత్తుకు లేపి, దారాన్ని బిగువుగా పట్టాలి. కోణమానినితో కొలిస్తే 6 మీటర్ల దారం నేలకు సమాంతరమైన గీతతో దాదాపు పదిడిగ్రీల కోణం చేస్తుంది. 3 మీటర్ల దారంతో సుమారు 20 డిగ్రీలు. ఇప్పుడు అన్నిటినీ పదింతలు చేయండి. గ్లైడర్ పొరపాటున విమానం కంటే 10 మీటర్లు పైకి పోయిందనుకుంటే, 60 మీటర్ల తాడు తోకను ఎంత పైకి లాగుతుందో 30 మీటర్ల తాడు దానికి రెట్టింపు లాగుతుంది.

లెక్కలో పెడితే, 500 కిలోల గ్లైడర్‌ను మామూలుగా పైకి లాగేటప్పుడు తాడులో సుమారు 70 కిలోల లాగుడు ఉంటుంది. పొడుగు తాడుతో అందులో సుమారు 12 కిలోలు తోకను పైకి లేపుతుంది, పొట్టి తాడుతో 23 కిలోలు. ఇంతవరకు విమానం పైలట్ సర్దుకోగలడు. కానీ గ్లైడర్ వించ్ మీద ఎక్కినట్టు ముక్కెత్తి ఒక్క ఊపున పైకి లేస్తే, లాగుడు 70 దగ్గర ఆగదు, వందల కిలోలకు పోతుంది. అప్పుడు విమానం తోక లేచి, ముక్కు నేలవైపు తిరుగుతుంది. ఎత్తు తక్కువైతే తేరుకునే వ్యవధి ఉండదు. తప్పు చేసినవాడు వెనుకనున్న గ్లైడర్ పైలట్, ప్రాణం పోయేది ముందున్న విమానం పైలట్‌ది. ఇటువంటి ప్రమాదాలు అనేక దేశాల్లో జరిగాయి. కొక్కెం ముక్కు దగ్గర కాక గ్లైడర్ పొట్ట కింద ఉన్నప్పుడు, తాడు పొట్టిగా ఉన్నప్పుడు, గాలి అల్లకల్లోలంగా ఉన్నప్పుడు, పైలట్ కొత్తవాడైనప్పుడు ప్రమాదం మరీ ఎక్కువ. పైగా తాడు ఆ కోణంలో బలంగా బిగిసి ఉంటే, విమానం వైపు కొక్కెం కొన్ని రకాల్లో తెరుచుకోకపోవచ్చు కూడా.

మరో సంగతి గమనించండి. గ్లైడర్‌ను లాగేటప్పుడు వేగం గంటకు సుమారు 110 కిలోమీటర్లు, అంటే సెకనుకు 30 మీటర్లు. 60 మీటర్ల తాడు ఉంటే విమానం ఇప్పుడున్న చోటికి గ్లైడర్ 2 సెకన్ల తరువాత చేరుతుంది. ముందు విమానం పైకి లేచే గాలిలో పడి ఒక్కసారి ఎగసిందనుకోండి. గ్లైడర్ పైలట్ దాన్ని కళ్లతో చూసి, తనకూ ఆ కుదుపు రాబోతోందని సిద్ధపడడానికి 2 సెకన్లు ఉన్నాయి. 30 మీటర్ల తాడైతే ఒక్క సెకనే. మనిషి చూసి, అర్థం చేసుకుని, చేయి కదపడానికే దాదాపు ఆ సెకను కాస్తా ఖర్చవుతుంది. నా దృష్టిలో తాడు పొడవు గురించి చెప్పవలసిన మాటల్లో ఇదే ముఖ్యమైనది. విమానం వెనుక తాడును మనం మీటర్లలో కొంటున్నాం గానీ, నిజంగా కొంటున్నది సెకన్లను.

అయితే ఎంత పొడవైతే అంత మంచిదా? రెండో ప్రపంచ యుద్ధంలో అదీ చూశారు. సైనికులనూ జీపులనూ మోసే పెద్ద గ్లైడర్లను సుమారు 100 మీటర్ల నైలాన్ తాళ్లతో లాగేవారు. నైలాన్ రబ్బరులా కొంత సాగి, కుదుపును మింగుతుంది. మన దేశపు నేల మీద నుంచే జరిగిన ఒక సంఘటన ఇందులో ఉంది. 1944 మార్చి 5 సాయంత్రం అస్సాంలోని లాలాఘాట్ విమాన క్షేత్రం నుంచి, బర్మాలో జపాను సేనల వెనుక చిందిట్ దళాలను దింపడానికి గ్లైడర్లు బయలుదేరాయి. ఒక్కొక్క డకోటా విమానం వెనుక రెండేసి గ్లైడర్లు. రెండు తాళ్లూ సమానమైతే గ్లైడర్లు పక్కపక్కన ఢీకొంటాయి కాబట్టి, ఒకటి పొడుగు, ఒకటి పొట్టి కట్టే పద్ధతి అప్పటికే ఉంది. ఎద్దుల బండికి జత ఎద్దులను కట్టినట్టు కాదు, ఒకదాని వెనుకగా మరొకటి.

కానీ గ్లైడర్లలో బరువు ఎక్కువైంది. రాత్రి, మసక, కింద కొండలు, వాటి మీద అల్లకల్లోలమైన గాలి. చీకట్లో తాడు వదులవడం, మళ్లీ ఒక్కసారిగా బిగియడం ముందుగా కనిపించదు. వదులైన నైలాన్ బిగిసేటప్పుడు వచ్చే దెబ్బకు తాళ్లు తెగిపోయాయి. అరవైకి పైగా బయలుదేరిన గ్లైడర్లలో 'బ్రాడ్‌వే' అని పేరు పెట్టిన అడవి మైదానానికి చేరినవి సుమారు సగమే. కొన్ని తాడు తెగి మధ్యదారిలో దిగాయి, కొన్ని శత్రువుల ప్రాంతంలో పడ్డాయి. దానితో ఒక్కొక్క విమానానికి రెండు గ్లైడర్లు కట్టడం ఆపి, ఒక్కటే కట్టడం మొదలుపెట్టారు. తాడు పొడవు పెరిగితే వ్యవధి పెరుగుతుంది నిజమే. కానీ వెనుకవాడికి ముందువాడు కనబడకపోతే ఆ వ్యవధితో పనేముంది? పొడుగు తాడులో వదులు కూడా ఎక్కువగా చేరుతుంది. యుద్ధం తరువాత క్లబ్బులు చిన్న గ్లైడర్లకు 40 నుంచి 60 మీటర్ల దగ్గర స్థిరపడడానికి ఇదొక కారణం.

స్వాతంత్ర్యం వచ్చాక మన దేశంలో గ్లైడింగును ప్రభుత్వమే ప్రోత్సహించింది. పుణె దగ్గర హడప్సర్‌లో 1950లో గ్లైడింగ్ కేంద్రం ఏర్పడింది. పౌర విమానయాన శాఖ సాంకేతిక విభాగంలో ఎస్. రామామృతం వంటి ఇంజనీర్లు గ్లైడర్లకు మన దేశంలోనే రూపకల్పన చేశారు. వాటి పేర్లు వింటే మీ ఇంట్లో పెద్దవాళ్లు వెంటనే వరుస చెబుతారు. అశ్విని, భరణి, కృత్తిక పేరుతో కార్తీక్, రోహిణి, మృగశిర, ఆర్ద్ర. మొదటి ఆరు నక్షత్రాలూ వచ్చేశాయి. అశ్విని 1958లో, పక్కపక్కన ఇద్దరు కూర్చునే రోహిణి 1961లో, ఒక్కరు ఎగిరే కార్తీక్ 1963లో ఎగిరాయి. ఆర్ద్రను 1979లో ఎగిరించి, ఎన్‌సిసి వైమానిక విభాగం కోసం హిందుస్థాన్ ఏరోనాటిక్స్ తయారుచేసింది. మన హైదరాబాదులో బేగంపేట కూడా గ్లైడర్లను చూసిన క్షేత్రమే. మన దేశంలో శిక్షణలో ఎక్కువగా వాడినది వించ్ పద్ధతి. విమానం పెట్రోలు ఖర్చు కంటే డ్రమ్ము తిప్పే ఖర్చు ఎంతో తక్కువ కదా.

పిల్చర్ దగ్గర వదిలిన సంగతికి ఇప్పుడు వద్దాం. తాడు పొడవు గురించి చట్టాలు పెద్దగా మాట్లాడవు, బలం గురించి మాట్లాడతాయి. అమెరికా నిబంధన ప్రకారం విమానం లాగే తాడు తెగే బలం, గ్లైడర్‌కు అనుమతించిన గరిష్ఠ బరువులో 80 శాతానికి తగ్గకూడదు, రెట్టింపుకు మించకూడదు. తాడు అంతకంటే బలమైనదైతే, కొసల్లో వీక్ లింక్ అనే చిన్న లోహపు ముక్క పెట్టాలి. అది తెగడానికే పెట్టినది. మీ ఇంట్లో ఫ్యూజు తీగలాంటిది. ఎంత బలానికి తెగుతుందో తెలిసేలా వాటికి రంగులు వేస్తారు. గ్లైడర్ రకాన్ని బట్టి రంగు ఎంచుకోవాలి. మన ఇళ్లలో ఫ్యూజు పోయినప్పుడల్లా ఇంకా లావు తీగ చుట్టేవాళ్లను మీరు చూసే ఉంటారు. ఆ అలవాటు ఇక్కడికి తేకూడదు.

ఇక పొడవును మీరే నిర్ణయించవలసి వస్తే ఎలా ఆలోచించాలో చూద్దాం. రుఆబాంధాకు ఉత్తరాన, సున్నపురాయి గనులున్న నందిని దగ్గర ఒక విమాన పట్టీ ఉంది. అలాంటి చోట రోహిణి కార్తెలో, అంటే మే చివర, గ్లైడర్‌ను విమానంతో ఎగిరించాలనుకోండి. ఎండ 45 డిగ్రీలు. పైకి లేచే గాలి బ్రహ్మాండంగా ఉంటుంది, గ్లైడర్ పైలట్లకు పండుగే. కానీ 15 డిగ్రీల గాలితో పోలిస్తే ఆ గాలి సాంద్రత దాదాపు పదిశాతం తక్కువ. ఇంజను బలం తగ్గుతుంది, రెక్కల పట్టు తగ్గుతుంది, విమానం నేల విడవడానికి ఎక్కువ దూరం పరుగెత్తాలి. పట్టీ పొడవు సరిపోతుందా అని సందేహం వచ్చినప్పుడు ఎవరికైనా మొదట తట్టేది, తాడు పొట్టి చేద్దామని. 60 బదులు 40 మీటర్లు కడితే విమానం 20 మీటర్లు వెనుక నుంచి బయలుదేరవచ్చు.

దిగేటప్పుడు లాభం ఇంకా ఎక్కువ. గ్లైడర్‌ను వదిలాక విమానం తాడును వెనుక వేలాడదీసుకుని వస్తుంది. కొన్ని విమానాల్లో తాడును లోపలికి చుట్టుకునే ఏర్పాటు ఉంటుంది, అన్నిటిలో ఉండదు. ఆ తాడు 20 డిగ్రీల వాలులో వేలాడుతోందనుకుంటే, 60 మీటర్ల తాడు కొస విమానానికి 20 మీటర్ల కిందుంటుంది, 40 మీటర్లది సుమారు 14 మీటర్ల కింద. పట్టీ చివరి కంచెనో, రోడ్డు మీది కరెంటు తీగలనో తాడు కొస తగలకుండా దాటాలంటే, పొడుగు తాడున్న విమానం దాదాపు 7 మీటర్లు ఎక్కువ ఎత్తులో రావాలి. 5 డిగ్రీల వాలులో దిగుతూ ఉంటే ఆ 7 మీటర్లు నేల మీద సుమారు 80 మీటర్లు అవుతాయి. రెండూ కలిపితే ఇరవై మీటర్ల తాడు తగ్గించి వంద మీటర్ల పట్టీ మిగిల్చుకున్నామన్నమాట. చిన్న పట్టీ మీద ఇది చిన్న విషయం కాదు.

దానికి మనం ఇచ్చిన ధర ఎంత? 2 సెకన్ల వ్యవధి 1.3 సెకన్లకు తగ్గింది. అదీ ఎప్పుడు? గాలి అత్యంత అల్లకల్లోలంగా ఉన్న మధ్యాహ్నం పూట. గ్లైడర్ 10 మీటర్లు పైకి పోతే తాడు కోణం 10 డిగ్రీల నుంచి 14 డిగ్రీలకు పెరిగింది. గ్లైడర్‌లో అనుభవజ్ఞుడు ఉండి, కొక్కెం ముక్కు దగ్గర ఉంటే ఈ బేరం కొన్నిచోట్ల చేస్తారు. 40 మీటర్లు వాడుకలో ఉన్న పొడవే. గ్లైడర్‌లో ఉన్నది మొదటి నెలల విద్యార్థి అయితే మాత్రం నేను ఒప్పుకోను. అతనికి 60 మీటర్ల తాడే ఇవ్వాలి. పట్టీ చాలకపోతే తాడు కోయకుండా చేయగలిగినవి వేరే ఉన్నాయి. ఒక్కరినే ఎక్కించి బరువు తగ్గించవచ్చు, ఎదురుగాలి లేచేదాకా ఆగవచ్చు, లేదా ఎండ ముదరకముందే, గాలి చల్లగా బరువుగా ఉన్న ఉదయం ఎనిమిది తొమ్మిది గంటలకే ఎగరవచ్చు. ఉదయం పైకి లేచే గాలి దొరకదు కాబట్టి గ్లైడర్ పదిహేను నిమిషాల్లో కిందికి వచ్చేస్తుంది. నేర్చుకునేవాడికి ఆ పదిహేను నిమిషాలు చాలు, ఎక్కువసేపు ఎగరడం రెండో నెలలో చూసుకోవచ్చు.